డోలీ దొర రాయి

వరహాలరావు అనే కాంట్రాక్టరుకి నోట మాట పడిపోవడం అరకు చుట్టుపక్కల ఇంకెవరైనా చూశారో లేదో నాకు తెలియదు. నేను చూశాను. జీలుగుపుట్టు గట్టు మీద, మంచు ఇంకా విడవని పొద్దుటి పూట, చీపురుకట్టంత మనిషి సుక్రి అతన్ని అలా నిలబెట్టేసింది.

చలికాలం మనుషులొచ్చి మబ్బులు చూసుకుంటూ పడుకోవడానికి గుడారాలు వేస్తానని అతను ఆ గట్టుని ఎవరో కొండవాడి పేరు మీద రాయించుకున్నాడు. గట్టు మీద ఐదు నిలువు రాళ్ళున్నాయి. ఒక్కోటి మనిషి నడుమెత్తు. వాటిని పీకించి వంటపాక పునాదిలో వేయిద్దామని గునపాలతో కూలీలని వెంటబెట్టుకొచ్చాడు. ముందు రోజు సంతలో ఎండుచేపలు అమ్ముకుని నేను సుక్రి ఇంట్లోనే ఉండిపోయాను కనక ఆ తమాషా నా కంటబడింది.

సుక్రి అరవలేదు, మట్టెత్తి పొయ్యలేదు. చంకలో ఉన్న అడ్డాకుల కట్టని మొదటి రాయి ముందు దింపి, దాని మీదే పీట వేసుకున్నట్టు కూర్చుంది.

"తియ్యండి బాబూ, తియ్యండి. నానేటి అడ్డం రాను. కాకపోతే ఎవుడు ఏ రాయి తీత్తాడో ముందు సెప్పీండి. తీసినోడే దాన్ని ఏటేటా సాకాల. తెలిసిందే కదా."

"రాయిని సాకడమేటే ముసిలీ?" అన్నాడు వరహాలరావు.

"ఇనుకో మరి. ఈడు ఎర్రజుట్టోడు, ఈడికి కారం పడదు. ఆడు పొడుగోడు, ఆడికి పుంజే కావాల, పెట్టని ముట్టడు. ఆ పక్కోడు ఉంగరమోడు, నెమ్మదస్తుడు, ఏటి పెట్టినా తింటాడు. ఇదిగో, ఈడు గుంటడు. సచ్చిపోయేనాటికి మీసమైనా రానేదు. ఈడితోనే తంటా. పెట్టడం ఆలీసమైనాదా, ఇంటి సుట్టూ తిరిగి ఇంగిలీసులో ఏడుత్తాడు. నీకు ఇంగిలీసు వొచ్చు కదా కంట్రాటరు బాబూ, ఈడిని నువ్వు తీసుకో."

కూలీలు ముందు నవ్వారు. తరవాత ఒకడి నవ్వు ఆగింది. వాళ్ళూ చుట్టుపక్కల గూడేలవాళ్ళే, రాయంటే ఏమిటో తెలిసినవాళ్ళే. ఒక గునపం నేల మీద పడింది. దాని పక్కన ఇంకోటి.

"ఒట్టి రాళ్ళకి బెదిరిపోతారేటర్రా!" అని వరహాలరావు గుడ్లురిమాడు.

"ఒట్టి రాళ్ళయితే నీ సేత్తో నువ్వే తియ్యి నాయినా. తీసే ముందర ఇంటికాడ అమ్మగారికి ఒక్క ఫోను కొట్టు. తెల్లోళ్ళని బోయినానికి తెత్తన్నాను, కొత్త కుండ కడుగూ, మళ్ళా ఎల్లరు అని సెప్పు."

అతను గునపాన్ని చూశాడు, రాళ్ళని చూశాడు, ఫోను తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. వంటపాక అవతలి వైపు కడదామన్నాడు, అది మొదటినుంచీ తన ఆలోచనే అయినట్టు. ఇప్పటికీ వెళ్ళి చూడండి, ఆ పాక గోడ రాళ్ళ దగ్గరకొచ్చేసరికి వంకర తిరిగి పోతుంది.

గెలిచిన మనిషి నవ్వుతూ గట్టు దిగాలి కదా. సుక్రి దిగుతూ ఒకటే మాటంది. "ఈ ఐదుగురికీ సోటుంది నేస్తం. మా బాబుకే నేదు."

ఆమె బతుకంతా ఆ ఒక్క మాటలో ఇమిడిపోతుంది. నేను దాన్ని కొంచెం విప్పి చెబుతాను.

సుక్రి తల్లి కడుపులో ఉండగా ఆకాశం నుంచి విమానం పడింది. అప్పట్లో ఆ గూడేనికి యుద్ధమంటే సంతలో కిరసనాయిలు దొరక్కపోవడమే. ఎవరు ఎవరితో కొట్టుకుంటున్నారో వాళ్ళకి పట్టలేదు. సముద్రం మీద జపానువాళ్ళ ఓడల మీద బాంబులు వెయ్యడానికి పోయిన విమానమట అది. వాళ్ళ తుపాకుల దెబ్బ తిని, దారి తప్పి, వానమబ్బులో ఈ కొండకొచ్చి కొట్టుకుంది. గూడెంవాళ్ళు వెళ్ళేసరికి నలుగురు తెల్లవాళ్ళు చచ్చి ఉన్నారు. ఐదోవాడు పెద్ద తెల్లగుడ్డతో చెట్టుకి వేలాడుతున్నాడు. కాలు విరిగింది కానీ ప్రాణం ఉంది.

పొలిమేరలో చచ్చినవాడు ఎవడైనా ఊరివాడే అని వాళ్ళ కట్టు. చచ్చిన నలుగురినీ తమవాళ్ళలాగే సాగనంపారు. బతికినవాడికి డోలీ కట్టారు. డోలీ అంటే పల్లకీ అనుకునేరు. బొంగుకి రెండు వైపులా దుప్పటి ముడేసి, అందులో మనిషిని పడుకోబెట్టి, ఇద్దరు భుజాన మోసుకుపోవడం. ఈనాటికీ రోడ్డు లేని గూడేల్లో నెప్పులొచ్చిన ఆడది ఆస్పత్రికి పోయేది దానిమీదే. ముందు భుజం సుక్రి తండ్రి మంగ్లుది, వెనక భుజం బుద్రు అనేవాడిది. చలికి వణుకుతున్నాడని మంగ్లు తన గొంగళిని ఆ దొరకి కప్పాడు. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క గొంగళే.

ఘాటీ దిగి, శృంగవరపుకోట అవతల సిపాయిల గుడారాల దాకా మోశారు. దొరని లోపలికి తీసుకుపోయారు, గొంగళితో సహా. బుద్రు పోదాం పదరా అన్నాడు. మంగ్లు కదలలేదు. ఇంటిది కడుపుతో ఉంది, చలి ముంచుకొస్తోంది, గొంగళి తీసుకునే వస్తానన్నాడు. ఇద్దరూ గుడారం బయట గొంతుక్కూర్చున్నారు. ఆ కూర్చోవడమే కొంప ముంచింది. తూర్పున బర్మా వైపు రోడ్డు వెయ్యడానికి కూలీలని లారీల్లో కుక్కుతున్నారు అప్పుడు. భుజాలున్న కొండవాళ్ళు ఇద్దరు ఊరికే కూర్చుని కనబడితే సిపాయిలు ఊరుకుంటారా? వీళ్ళనీ ఎక్కించేశారు. ఎత్తు దగ్గర లారీ నెమ్మదించినప్పుడు బుద్రు దూకేసి అడవిలో పడి ఇంటికొచ్చాడు. మంగ్లు దూకలేదు. ఎందుకు దూకలేదో బుద్రు చచ్చేదాకా చెప్పలేకపోయాడు.

ఇక్కడ రాళ్ళ సంగతి చెప్పాలి. రాయి సమాధి కాదు, చచ్చినవాడు వచ్చి కూర్చునే పీట. అది వేస్తేనే వాడికి ఊళ్ళో చోటు. లేకపోతే ఎక్కడ పడ్డాడో అక్కడే తిరుగుతుంటాడు. కొత్త పంట ఇంటికొచ్చాక ముందు రాయికి పెట్టి తరవాత మనుషులు తినాలి. కబురు తెలియనివాడికి రాయి వెయ్యాలంటే ఇంటివాళ్ళ నోట "ఇంక రాడు" అనే మాట పడాలి. బతికున్నవాడికి పొరపాటున వేస్తే అది వాడి కూడు లాగేస్తుందని భయం.

గూడెం పెద్దలు ఆ చచ్చిన నలుగురికీ నాలుగు రాళ్ళు వేశారు. డోలీ దొర సంగతి తేలలేదు. గుడారంలోకి పోయేటప్పటికే వాడి ఊపిరి సరిగా లేదన్నాడు బుద్రు. వాడి తరపున "వస్తాడు" అనడానికి ఊళ్ళో ఒక్క నోరైనా లేదు. పంట గడిచినా కబురు లేదు. నోరు లేనివాడు చచ్చినట్టే అని ఐదో రాయి వేసేశారు.

ఆరోది మంగ్లుకి వేస్తామని వచ్చారు. సుక్రి తల్లి చంటిపిల్లని నడుముకి కట్టుకుని, రోకలి పుచ్చుకుని గుమ్మంలో నిలబడింది. "నా నోట ఆ మాట రాదు. లారీ ఎల్లినాది, లారీ వొత్తాది" అంది. పెద్దలు వెనక్కి పోయారు. ఆ ఇంటి ఆడవాళ్ళతో తగువులాడి గెలిచినవాడు అప్పుడూ లేడు, ఇప్పుడూ లేడు. గెలిచి బావుకున్నదీ లేదు, అది వేరే సంగతి.

ఆ ఐదు రాళ్ళకీ పెట్టే పని తల్లి తన నెత్తిన వేసుకుంది. ఎందుకే అని అడిగితే, "ఎవులో కన్నతల్లి బిడ్డల్ని మనం సూత్తన్నాం. మీ బాబు ఉన్నకాడ ఎవులో ఆయన్ని సూడరేటి?" అనేది. చేతి గాజులతోనే పోయింది. పోయేముందు ఇంటినీ, రాళ్ళనీ, ఆ మొండితనాన్నీ కూతురికి అప్పజెప్పింది.

సుక్రి పెళ్ళీడుకి వచ్చినప్పుడు పక్క గూడెం వాడు అడిగాడు. వాడంటే ఇష్టమే, కానీ గడప దాటనంది. "బాబు వొచ్చినప్పుడు ఇంటికాడ మడిసి నేకపోతే మళ్ళా ఎల్లిపోతాడు. కావాలంటే నువ్వే రా." వాడు సణుక్కుంటూ ఇల్లరికం వచ్చాడు. మంచివాడు. జ్వరాల్లో పోయాడు. పుట్టిన ఒక్క బిడ్డా నిలవలేదు. కొండలు తొలిచి కిరండూల్ రైలుమార్గం వేస్తున్న రోజుల్లో సుక్రి మట్టి తట్టలు మోసింది. అందరూ కూలికోసం పోతే, తను దేశాలు తిరిగిన ఇంజినీర్లుంటారని పోయింది. తట్ట దింపిన ప్రతిసారీ ఎవడో ఒకణ్ణి పట్టుకుని, "బాబూ, బర్మా రోడ్డు ఏసిన కూలోళ్ళని ఎక్కడ దింపీసినారు?" అని అడిగేది. పిచ్చిదన్నారు. కొందరు బీడీ ఇచ్చి పంపేశారు.

నాకు ఆమె పరిచయమైంది కూడా అలాగే. నా ఎండు నెత్తళ్ళలో ఇసక ఉందని సంత మధ్యలో నన్ను దులిపేసి, నేనూ నాలుగు వడ్డించాక, ఉన్నట్టుండి, "నువ్వు సముద్రం కాడి దానివి కదా, బర్మా ఓడలొత్తాయేటి మీకాడికి?" అంది. ఇసక కోసం రాలేదు, దీనికోసం వచ్చిందని అప్పుడర్థమైంది. మా తాత కూడా రంగం, అంటే ఆ బర్మాకే, పోయి రాలేదు. ఆ మాట చెప్పాను. మరుసటి వారం ఇద్దరం పసుపు, చీరా మార్చుకుని నేస్తం కట్టాం. నేస్తం కట్టాక ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోకూడదు. ఆమె నాకు నేస్తం, నేను ఆమెకి నేస్తం. తోబుట్టువుకన్నా దగ్గర, కానీ ఇంటిది కాదు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

వంటపాక తగువైన మరుసటి శీతాకాలం, విశాఖలో కారు తోలే ప్రేమ్‌కుమార్ ఒక తెల్లామెని జీలుగుపుట్టు తీసుకొచ్చాడు. పేరు హెలెన్. జుట్టంతా నెరిసిపోయిన మనిషి. గట్టు మీద తెల్లవాళ్ళ పేర రాళ్ళున్నాయని గుడారాల్లో దిగినవాళ్ళెవరో ఫొటో తీసి ఎక్కడో పెట్టారట, అది చూసి వచ్చింది. తెల్లోళ్ళ తాలూకు మనిషొచ్చింది బేగి రమ్మని సుక్రి నాకు కబురంపింది. పొద్దుటి రైలుకి పోయాను.

ఆ ఉదయం సుక్రి ఉతికిన చీర కట్టుకుంది. ఇన్నేళ్ళుగా తను సాకుతున్న వాళ్ళ తాలూకు మనిషి వచ్చింది కనక, తన తండ్రి కబురు కూడా వచ్చినట్టే అనుకుంది. పైకి అనలేదు కానీ నాకు తెలుసు. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

రాళ్ళ దగ్గర ఒక్కొక్కరినీ చూపించి చెప్పింది. ఎర్రజుట్టోడు, పొడుగోడు, ఉంగరమోడు, గుంటడు. హెలెన్ కళ్ళు తుడుచుకుంటూ వాళ్ళ అసలు పేర్లు చెప్పింది. సుక్రి గుంటడి పేరు రెండు మూడుసార్లు పలకబోయి, "పోనీ నే, గుంటడే బాగున్నాది" అంది. ఐదో రాయి దగ్గర, "ఈడు డోలీ దొర. కాలిరిగినోడు. మా బాబు మోసినాడు" అంది.

ప్రేమ్‌కుమార్ ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే తెల్లామె రాయి ముందు కూర్చుని దాని మీద చెయ్యి వేసింది. వాళ్ళిద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు. తరవాత అతను బుర్ర గోక్కుంటూ సుక్రి వైపు తిరిగాడు.

"అమ్మా, ఎలా చెప్పాలో తెలీట్లేదు. ఈ రాయి ఈవిడ నాన్నగారిదే. కాకపోతే ఆయన అప్పుడు చచ్చిపోలేదు. మొన్న మొన్నటిదాకా వాళ్ళ దేశంలో బతికే ఉన్నారంట."

సుక్రి ఫక్కున నవ్వింది. "ఓలమ్మో! మరయితే ఇన్నేళ్ళూ పెట్టిన కూడు ఎవుడు తినేసినాడురా?"

నవ్వు సగంలో ఆగిపోయింది. బతికున్నవాడికి రాయి వేశారు. ప్రేమ్‌కుమార్ చెయ్యి పట్టుకుంది. "అడుగు బాబూ, బేగి అడుగు. ఆ దొర బాగా తినీవోడా? బక్కసిక్కి సచ్చిపోనాడా?"

హెలెన్ ఫోనులో బొమ్మ చూపించింది. పెరట్లో కుర్చీలో ఒక ముసలాయన, బొజ్జ మీద కుక్కపిల్ల.

"బలిసే ఉన్నాడు నే" అని సుక్రి ఊపిరి పీల్చుకుంది. ఆ బొమ్మని మళ్ళీ మళ్ళీ చూసింది. తండ్రి మోసిన బరువు ఇదీ అని చూసుకుంటోందని నాకనిపించింది. అప్పుడు అడిగింది, పుట్టినప్పటినుంచీ దాచుకున్న ప్రశ్న. "మరి మా బాబుని ఏటి సేసినారు?"

హెలెన్ చెప్పింది, ప్రేమ్‌కుమార్ ముక్క ముక్కగా మాకు చెప్పాడు. ఆయన నొప్పి తెలియకుండా సూదిమందు పొడిపించుకుని గుడారంలో పడుకున్నాడట. తెర ఎత్తి ఉంది. తనని మోసిన ఇద్దరినీ లారీ ఎక్కించడం చూశాడు. ముందు భుజం పట్టినవాడు లారీలోంచి తన వైపు చూసి ఏదో అరిచాడు. పాపం ఇంత దూరం నడిచారు, ఊళ్ళో దింపుతున్నారు కాబోలు, సెలవు చెబుతున్నాడు కాబోలు అనుకుని ఈయన చెయ్యి ఊపాడు. అది బర్మా లారీ అని తరవాతెప్పుడో తెలిసింది. ఒక్క మాట అంటే దింపేసేవాళ్ళే, అనలేదే అని ముసలితనంలో కూతురితో చెప్పుకునేవాడట.

"సెయ్యి ఊపినాడా" అంది సుక్రి. తరవాత, "మరి గొంగళో?" అంది.

ప్రేమ్‌కుమార్ అడిగి చెప్పాడు. ఆస్పత్రిలో కాల్చేశారట. పేలుంటాయని.

సుక్రి లేచి నిలబడింది. "మా అమ్మ గొంగళిలో పేలు నేవు. ఆ మాట ఆవిడికి సెప్పు."

అతను చెప్పాడు. తెల్లామె సుక్రి రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. సుక్రి ఏడవలేదు. ఏడుస్తున్న మనిషికి అడ్డాకులో అన్నం పెట్టింది, కారం వెయ్యకుండా.

తమ దేశంలో విచారించి కబురు చేస్తానని హెలెన్ మాటిచ్చింది. మాట తప్పలేదు కూడా. పసుపు తవ్వే రోజుల్లో ప్రేమ్‌కుమార్ వచ్చి ఫోను చూసి చదివి వినిపించాడు. విమానంలో పడ్డ ఒక్కొక్కడి గురించీ ఆ దేశంలో అన్నీ రాసి పెట్టి ఉన్నాయి. ఎవరు ఏ ఊరివాడు, ఎవరి తల్లి పేరేమిటి, ఆ రోజు ఎవరు ఎక్కడ కూర్చున్నారు. లారీలో ఎక్కించిన కొండవాళ్ళ గురించి ఏమీ లేదు. పేర్లు రాసుకోలేదు. ఏ ఊరి నుంచి తెచ్చారో రాసుకోలేదు. ఆ రోడ్డు మీద జ్వరాలతో చాలామంది పోయారని మాత్రం ఉంది. ఎవరు పోయారో లేదు.

"పేరు రాసుకోకండా ఎలాగ ఎక్కించినారు?" అంది సుక్రి. "సంతలో మేకని లారీ ఎక్కించినా సెవికి మచ్చ పెడతారే."

ప్రేమ్‌కుమార్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. వరహాలరావుని నిలబెట్టేసిన నోటికి ఎదురు నిలబడే మనిషే లేకపోయె. ఎవణ్ణి తిట్టాలి? తిట్టించుకోవాల్సినవాళ్ళు ఎప్పుడో చచ్చారు, అందుబాటులో ఉన్న తెల్లవాళ్ళేమో ఆమె చేతి కూడు తిన్నవాళ్ళు.

ఆ తరవాత సుక్రి తగ్గిపోయింది. సంతకి రావడం మానేసింది. నేనే అప్పుడప్పుడూ ఎండుచేపలు పట్టుకుని కొండెక్కేదాన్ని. లారీ చప్పుడు వినబడితే తలెత్తేది కాదు. అంతకు ముందు ప్రతి లారీకీ దారి వైపు చూసేది.

కొత్త పంట తినే పండక్కి రమ్మని కబురంపింది. వెళ్ళేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. గట్టు మీద రాళ్ళు కడిగి ఉన్నాయి. నలుగురి ముందూ ఆకులు పరిచి ఉన్నాయి, ఉప్పు కారం లేని అన్నం, పుంజు మాంసం. ఐదో రాయి ముందు ఆకు లేదు. సుక్రి దాని పక్కన కర్ర మీద వాలి నిలబడింది. మనిషి ఎముకల గూడైంది కానీ కొప్పు మాత్రం బిగించి పువ్వు పెట్టుకుంది.

"డోలీ దొర తన దేశంలో తన మట్టిలో పడుకున్నాడు. ఆయనకి ఇక్కడ పీట అక్కర్నేదు. ఈ రాయి కాళీగున్నాది నేస్తం" అంది.

రాయి మీద అరచెయ్యి ఆనించింది.

"మా అమ్మ అననేదు. నానూ ఇన్నేళ్ళు అననేదు. ఇప్పుడు అనీసినాను. పొద్దున్న పెద్దోళ్ళ ముందర, గుమ్మంలో నిలబడి. రాడు అన్నాను." కర్ర చెయ్యి మార్చుకుంది. "రాయి కాడికి ఇంటోళ్ళు పిలవకూడదు. పిలిత్తే సచ్చినోడు ఇంకా ఇంటికే వొచ్చీమన్నారనుకుంటాడు, పీట మీద నిలవడు. బయటి నోరు పిలవాల. నాకున్న బయటి నోరు నువ్వొక్కదానివే."

చంకలో ఉన్న మడత తీసి విప్పింది. కొత్త గొంగళి. సంతలో ఎప్పుడు కొని దాచిందో. దాన్ని రాయి చుట్టూ కప్పి, చంటిబిడ్డకి కప్పినట్టు అంచులు లోపలికి దోపింది. తరవాత పక్కకి జరిగి నాకు చోటిచ్చింది.

"ఆయన ఎక్కడున్నాడో నాకు తెల్దు. గట్టిగా పిలు. మంగ్లూ, గొంగళి ఇక్కడున్నాది, దానికోసం ఇంక అక్కడ కూకోకు, వొచ్చీ అని పిలు నేస్తం."